పిన్‌కోడ్ 500078

మేం ఇల్లు చూడ్డానికి తుర్కపల్లి బయల్దేరింది 2020 నవంబర్ 28న. శనివారం. అల్వాల్ దాటి హకీంపేట దగ్గరికి వచ్చేసరికి పోలీసులు బండ్లన్నీ పక్కకి ఆపించేస్తున్నారు. ఇంకో మూడు రోజుల్లో గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలు, ఎవరిదో రోడ్ షో అయ్యుంటుందనుకున్నాం. పక్కన ఆగిన ఆటో అతను అసలు సంగతి చెప్పాడు. ప్రధాని హకీంపేటలో విమానం దిగి, జీనోమ్ వ్యాలీలో తయారవుతున్న టీకా చూడ్డానికి పోతున్నాడట.

"మీరేడికి సార్?" అని మా ఆయన్ని అడిగాడు.

"తుర్కపల్లి."

"ఇంకేం, మోదీ గూడ గాడికే" అని నవ్వాడు.

ముప్పావుగంట ఎండలో కూర్చున్నాం. ప్రశాంతమైన పల్లెటూరు వెతుక్కుంటూ వెళ్తున్న మాకు మొదటి రోజే ఈ స్వాగతం. వెనక్కి తిరిగిపోదామన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు.

ఆయన తొందర ఆయనది. కొండాపూర్‌లో మాది మూడో అంతస్తు, రెండు పడగ్గదుల ఫ్లాట్. మార్చిలో జనతా కర్ఫ్యూ అయిన మర్నాటి నుంచి ఒక గదిలో మావాడి ఇంటర్ క్లాసులు, ఇంకో గదిలో మా అత్తగారు. నా లాప్‌టాప్ వంటగట్టు మీద, గ్రైండర్ పక్కన. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇరవై రెండేళ్లుగా ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే నా ఉద్యోగం. మా ఆయనది బ్యాంకు. లాక్‌డౌన్‌లో కూడా బ్యాంకులు తెరిచే ఉన్నాయి కదా, ఆయన రోజూ కొండాపూర్ నుంచి అల్వాల్ బ్రాంచికి వెళ్లొచ్చేవాడు. ఇంట్లో ఉండి పని చేసే మనిషికి మాదాపూర్ ఆఫీసు దగ్గర ఇల్లెందుకు, బయటికెళ్లే మనిషికి దగ్గరగా ఉండాలి గానీ, అన్నది ఆయన వాదం. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

మా ఆఫీసు వాళ్లయితే మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు వెళ్లమన్నారు. కట్టడాలకి అడ్డుకట్ట వేసిన 111 జీవో పుణ్యమా అని అటు పచ్చదనం మిగిలుందని. నిజమే, కానీ బ్యాంకు అటు లేదే.

తుర్కపల్లి అనగానే మా వాళ్లు సగం మంది యాదగిరిగుట్ట దగ్గరున్న తుర్కపల్లి అనుకున్నారు. అదో మండలం. మాది శామీర్‌పేట మండలం ఊరు, రాజీవ్ రహదారి పక్కన. మొదటి రెండు నెలలూ మా కొరియర్లు ఎన్ని గుట్టకి పోయి వచ్చాయో.

ఇల్లు ఊరి చివర ఉంది. ముందు వేప చెట్టు, పక్కన జామ, ప్రహరీ పొడుగునా సీతాఫలం చెట్లు. నాకు ఆ ఇల్లు నచ్చింది మాత్రం వెనక కిటికీ వల్ల. అవతల రెండెకరాల ఎర్రచెల్క. అందులో వరసగా నిలబెట్టిన రాళ్లు, ఆరేడు అడుగుల ఎత్తున, పైన మొన దగ్గర చిన్న గాటుతో. పొలం నిండా అవే. ఏదో పాత సమాధుల తోట అనుకుని కాస్త భయపడ్డాను కూడా.

"కడీలమ్మా" అన్నాడు ఇంటి ఓనరు. డెబ్బై దాటిన పెద్దాయన. "ద్రాక్ష తోట ఉండె మాకు. అనాబ్-ఎ-షాహీ. పందిరికి పాతిన కడీలివి."

ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కలంతా ద్రాక్ష తోటలేనట. నేను తెనాలి పిల్లని, నాకు ద్రాక్షంటే బండి మీద కాయితం పొట్లంలో వచ్చేది. ఆ పందిళ్ల కింద నడిస్తే మే నెలలో కూడా చల్లగా ఉండేదని చెప్పాడు. బోర్లలో నీళ్లు కిందికి పోయాయి. మందుల ఖర్చు పెరిగింది. "తీగెలు పీకేసినం. కడీలు మాత్రం పీకబుద్ధి కాలె" అన్నాడు.

నేను ఫోన్ తీసి నెట్ స్పీడు చూశాను. మా ఆయన బోరు లోతు అడుగుతున్నాడు. మేడ మీద ఒక్క మూలే నాలుగు గీతల సిగ్నల్. ఆ మూల కింద గది నాదని అక్కడే తేల్చేశాను. హైవే నుంచి కేబుల్ లాగుతానని ఊళ్లో కేబుల్ అబ్బాయి మాటిచ్చాడు, లాగాడు కూడా, మూడు కరెంటు స్తంభాలు, ఒక వేప కొమ్మ, ఒక కడీ మీదుగా.

సంక్రాంతి వెళ్లాక దిగాం. మొదటి నెలంతా ఫోటోలే. తీగ మీద పాలపిట్ట, గట్టున తంగేడు. తెలంగాణ వచ్చాక 2014లో రాష్ట్ర పక్షి, రాష్ట్ర పువ్వు, రాష్ట్ర జంతువు అని ప్రకటించారు కదా, పిట్టా పువ్వూ మా కిటికీలోంచే కనిపించేవి, జింక కోసం మాత్రం శామీర్‌పేటలో జవహర్ పార్కు దాకా వెళ్లాలి. ఫోటోలు చూసి కొండాపూర్ స్నేహితులు కుళ్లుకున్నారు. నేనూ కావాలనే పంపేదాన్ని.

పల్లె అంటే నిశ్శబ్దం అనుకున్నాను చూడండి, అది మాత్రం శుద్ధ తప్పు. పొద్దున హకీంపేట నుంచి ఎయిర్‌ఫోర్స్ శిక్షణ విమానాలు. రాత్రి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ లారీలు. ఎక్కడో బోరు వేస్తుంటే తెల్లార్లూ ఒకటే గర్జన. ఒకసారి మీటింగులో అవతల అమెరికా క్లయింటు మర్యాదగా, "మీ పాప ఏడుస్తున్నట్టుంది, వెళ్లి చూసుకోండి, మేం ఆగుతాం" అన్నాడు. నాకు పాప లేదు. ప్రహరీ మీద నెమలి.

పాలు పోసే ఆవిడ పక్క వీధిలోనే ఉంటుంది. నేను అక్కా అంటాను. మొదట మేడమ్ అనేది, తర్వాత చెల్లె అయ్యాను. దిగిన పది రోజులకి మా అత్తగారిని వంటింట్లోకి పిలిచి మెల్లగా అడిగిందట: "కోడలు పొద్దంత ఒక్కతే మాట్లాడుతది, ఏమైందమ్మా? గుట్టకు తోల్కపోయి నిద్ర చేపియ్యరాదు?" చెవిలో ఇయర్‌ఫోన్లు జుట్టు కింద కనపడవు మరి.

వాళ్ల కోడలు నాకు పరిచయమైంది ఆ గోల వల్లే. అత్తకి సర్ది చెప్పడానికి వచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల, డిగ్రీ చదివింది, జీనోమ్ వ్యాలీలో ఒక కంపెనీలో పని. పొద్దున ఐదున్నరకి మా ఇంటి పక్క నుంచే నడిచి హైవే మీద బస్సెక్కేది. ఐదున్నరకి నేను కిటికీ తీసి కాఫీ తాగుతూ ప్రకృతిని చూసేదాన్ని. ఆ ప్రకృతిలో పాలపిట్టా, కడీలూ, వాటి పక్క బాటలో టిఫిన్ డబ్బా పట్టుకుని పరుగు లాంటి నడక నడుస్తున్న ఆ పిల్లా కూడా ఉండేవాళ్లు. అప్పటిదాకా చేయి ఊపడం తప్ప మాట్లాడింది లేదు.

"నువ్వేం చేస్తావమ్మా అక్కడ?" అని అడిగాను.

"సీసాలు చూస్తా ఆంటీ."

అంటే ఏంటో చేసి చూపించింది. మా డైనింగ్ టేబుల్ మీది ఇంకు సీసా తీసుకుంది. ఎదురుగా ఒక నల్ల పలక, ఒక తెల్ల పలక ఉంటాయట, పైన లైటు. మందు నింపిన సీసాని మెడ దగ్గర పట్టుకుని మెల్లగా తిప్పి తలకిందులు చేయాలి. గట్టిగా ఊపితే బుడగలొస్తాయి, బుడగా నలుసూ ఒకలాగే కనపడతాయి. నల్ల పలక ముందు పెడితే తెల్ల నలుసు, పోగు, గాజు పొట్టు కనిపిస్తాయి. తెల్ల పలక ముందు నల్లవి. ఒక్కో సీసాకి కొన్ని సెకన్లే. కళ్లు అలిసిపోతాయని మధ్యలో లేపి కూర్చోబెడతారు. ఏడాదికోసారి కళ్ల పరీక్ష, అందులో తప్పితే ఆ సీట్లోంచి తీసేస్తారు.

"మరి మీరేం చేస్తరు ఆంటీ?"

నేనూ అదే చేస్తానని చెప్పాను. తప్పులు పడతాను. కాకపోతే నాది తప్పిపోతే ఎవరికో టికెట్టు రెండుసార్లు బుక్ అవుతుంది, అంతే. జీతాల తేడా సంగతి ఇద్దరం ఎత్తలేదు. నేను ఎత్తలేదు, అది సరైన మాట.

ఏప్రిల్లో నలభై అయిదేళ్లు నిండిన వాళ్లకి టీకా మొదలైంది. శామీర్‌పేటలో వేయించుకున్నాను. కోవాగ్జిన్. నర్సమ్మ పక్కన బల్ల మీద ఖాళీ అట్టపెట్టె ఉంటే అలవాటు కొద్దీ తీసి చదివాను, నాకు సన్న అక్షరాలు కనపడితే చదవకుండా ఉండలేను. జీనోమ్ వ్యాలీ, తుర్కపల్లి, శామీర్‌పేట మండలం, 500078. ఆ ఉదయమే కొత్త అడ్రసుకి ఆధార్ మార్చుకోవడానికి ఫారం నింపాను. అదే ఊరు, అదే మండలం, అదే పిన్‌కోడు. దేశమంతా ఆ పెట్టెల కోసం ఎదురుచూస్తోంది. నేనేమో ఈ ఊరికి గాలి కోసం వచ్చాను.

మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్. పొద్దున ఆరు నుంచి పది దాకానే సడలింపు. ఐదున్నర బస్సు మాత్రం ఒక్క రోజూ ఆగలేదు.

జూలైలో ఈగలొచ్చాయి. చుట్టుపక్కల కోళ్ల ఫారాలున్నాయని మాకు తెలియదు. మేం ఇల్లు చూసింది నవంబరు చివర్లో, దిగింది జనవరిలో. ఆ నెలల్లో ఈగ కాదు కదా దోమ కూడా లేదు. నాలుగు వానలు పడేసరికి కిటికీ జాలీ నల్లబడింది. పప్పు గిన్నె మూత తీస్తే ఒక చేత్తో విసురుతూ ఇంకో చేత్తో వడ్డించాలి. మీటింగుల్లో నా కెమెరా మీద ఈగ నడుస్తుంటే అవతల తెర మీద అది బల్లంత కనపడేదట. గాలి పడమర నుంచి తిరిగితే వాసన. మా అత్తగారు తిరిగి కొండాపూర్ పోదామన్నారు. జెర్రిపోతు గుమ్మం దాటి లోపలికొచ్చినప్పుడు కూడా అనలేదావిడ.

సెప్టెంబర్ చివర గులాబ్ తుపాను రోజు కరెంటు పోయి పంతొమ్మిది గంటలు రాలేదు. ఆ రాత్రే మాకు రిలీజు. కారు వేప చెట్టు కింద పెట్టుకుని, ఛార్జరు కారుకి తగిలించి, ఫోన్ నెట్‌తో తెల్లవారుజాము దాకా పని చేశాను. అద్దాల మీద వాన, ఒళ్లో లాప్‌టాప్. ఐదున్నరకి గొడుగు కింద ఆ పిల్ల కనిపించింది. కారెక్కించుకుని బస్సు దాకా దింపాను.

"మాకు గూడ వర్క్ ఫ్రమ్ హోమ్ ఇస్తే మంచిగుండు ఆంటీ" అంది దిగుతూ. "సీసాలు ఇంటికి తెచ్చుకుని మా అత్తతోని గూడ చూపిద్దును."

2022 చివరి నుంచి మా కంపెనీ వారానికి రెండు రోజులు ఆఫీసుకి రమ్మంది. శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి గచ్చిబౌలిలో దిగుతాను. దారి బానే ఉంటుంది, పెట్రోలు, టోలు లెక్క రాస్తే ఉండదు.

మరుసటి వేసవిలో వెనక పొలం అమ్ముడైంది. పెద్దాయన కొడుకులు అమ్మారు, ఆయన సంతకం పెట్టాడు. జేసీబీ రెండు రోజుల్లో కడీలన్నీ పీకింది. పాలక్క బర్రెల్ని కట్టడానికి రెండు అడిగి తీసుకుంది. తంగేడు పొదలు కూడా పోయాయి, ఆ ఏడు బతుకమ్మకి ఆడవాళ్లు పూలు శామీర్‌పేటలో కొన్నారు. కడీల్ని పడేస్తారనుకున్నాను, పడేయలేదు. ఒక్కోదాన్ని మూడు ముక్కలు చేసి, సున్నం కొట్టి, ఎర్ర రంగుతో అంకెలు రాసి, ప్లాట్ల హద్దురాళ్లుగా పాతారు. కొన్నిటికి పైన తీగె చుట్టిన గాటు ఇంకా ఉంది. నా కిటికీలోంచి 1 నుంచి 14 దాకా చదవొచ్చు.

పచ్చదనం పోయిందని నేను అందరి ముందూ బాధపడ్డాను. ఇంకో సంగతి చెప్పకపోతే అబద్ధమవుతుంది. 14వ నంబరు ఎంతని మేమూ అడిగాం. కిటికీకి ఎదురుగా ఉందని. అందలేదు. 2024 మార్చిలో ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట దాకా ఎలివేటెడ్ రోడ్డుకి శంకుస్థాపన అయ్యాక మళ్లీ అడగడం కూడా మానేశాం.

ఇంకా అక్కడే ఉన్నాం, అద్దెకే. మా ఫోటోలు చూసి ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, అటు ఇల్లు దొరుకుతుందా, నెట్ వస్తుందా అని. దొరుకుతుంది, వస్తుంది. డిసెంబర్లో మాత్రం చూడ్డానికి రాకండి. జూలైలో, నాలుగు వానలు పడ్డాక రండి. పొద్దున ఐదున్నరకే రండి, బస్సు వేళకి. ఓనరుతో అద్దె మాట్లాడే ముందు వంటింట్లో ఒక పళ్లెంలో బెల్లంముక్క పెట్టి పావుగంట ఆగండి.