ఎవరితో వెళ్లిందట?

ఆ అమ్మాయి పేరు నేను రాయను. 2025 మార్చిలో తెలుగు వార్తలు చూసినవాళ్లకి ఎలాగూ గుర్తుండే ఉంటుంది. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో చదువుకుంటున్న 20 ఏళ్ల తెలుగమ్మాయి. స్ప్రింగ్ బ్రేక్‌కి స్నేహితురాళ్లతో డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానా వెళ్లింది. మార్చి 6 తెల్లవారుజామున హోటల్ ముందున్న బీచ్‌లో ఉంది. ఆ తర్వాత ఆచూకీ లేదు.

సింగపూర్‌లో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ రెండు వారాలూ అదే గోల. వీడియో వెనక వీడియో. అన్నిటి థంబ్‌నెయిలూ ఒకే అచ్చు. నవ్వుతున్న అమ్మాయి ఫొటో, దాని చుట్టూ ఎర్ర సున్నా, పక్కన ఆ రాత్రి తనతో ఉన్న అమెరికన్ కుర్రాడి మొహం, పైన పసుపు అక్షరాల్లో "ఆ రాత్రి ఏం జరిగింది?" హోటల్ సీసీటీవీ ముక్కని ముందుకీ వెనక్కీ తిప్పి చూపించారు. చేతిలో గ్లాసు ఉన్నచోట బాణం గుర్తు పెట్టారు. అక్కడి సముద్రం ఎలాంటిది, ఆ వేళప్పుడు ఒడ్డున కాపలా ఉందా, హోటల్ బాధ్యత ఎంత? వీటి జోలికి పోయిన యాంకర్ నా కంట పడలేదు. హైదరాబాద్‌లో ఒక చానెల్ డెస్క్‌లో పనిచేసే నా పాత రూమ్మేట్‌కి ఫోన్ చేసి ఇదే అడిగాను. "అలల గురించి వేస్తే ఎవడు చూస్తాడ్రా" అన్నాడు. వాడు చెడ్డవాడేం కాదు. వాడి ముందున్న తెరమీద నిమిషం నిమిషానికీ ఎంతమంది చూస్తున్నారో అంకె కనబడుతూ ఉంటుంది మరి.

పెద్ద అల వచ్చి ఇద్దర్నీ లాగేసిందని కుర్రాడు చెప్పాడు. డొమినికన్ అధికారులు అతన్ని నిందితుడిగా చూపలేదు. పాస్‌పోర్టు తీసుకుని హోటల్లోనే ఉంచితే, మార్చి 18న అక్కడి జడ్జి వదిలిపెట్టమన్నాడు. మన స్టూడియోల్లో అప్పటికే విచారణా అయిపోయింది, శిక్షా పడిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, మా అమ్మాయి మునిగిపోయిందనే నమ్ముతున్నాం, మరణాన్ని ప్రకటించండి అని కన్నవాళ్లు అధికారులకి ఉత్తరం రాసుకున్నారు. దాంతో చానెళ్లూ సద్దుమణిగాయి. కిడ్నాప్ అయితే నెల ఆడేది. సముద్రానికి టీఆర్పీ ఏముంది?

అమెరికాలో ఇది పాత చర్చే. తెల్లమ్మాయి కనబడకపోతే టీవీలు ఎలా ఊగిపోతాయో 2004లోనే గ్వెన్ ఐఫిల్ అనే నల్లజాతి జర్నలిస్టు వెక్కిరించింది. మరుసటేడు అరూబా దీవిలో అలబామా అమ్మాయి మాయమైతే ఆమె అన్నట్టే జరిగింది, నెలల తరబడి అదే వార్త. ఆ లెక్కన మన పిల్ల కోసం అమెరికా కెమెరాలు పుంటా కానా దాకా వెళ్లడం గొప్పే కదా అన్నవాళ్లున్నారు. కావచ్చు. మన పక్షపాతం రంగుది కాదు, ఇంకోటి. 2024 మార్చిలో క్లీవ్‌లాండ్‌లో చదువుకుంటున్న హైదరాబాద్ కుర్రాడు కనబడకుండా పోయాడు. డబ్బు ఇమ్మని ఇంటికి బెదిరింపు ఫోన్ వచ్చింది. ఏప్రిల్లో శవం దొరికింది. అతను ఎవరితో తిరిగేవాడు, ఏం తాగేవాడు అని ఏ చర్చలోనూ నేను వినలేదు. అనకూడదు కూడా. అమ్మాయి దగ్గరికొచ్చేసరికి మాత్రం మొదట వచ్చేది ఆ ప్రశ్నే.

టీవీ ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు. 2019 మార్చిలో యాదాద్రి జిల్లా హాజీపూర్‌లో డిగ్రీ చదివే అమ్మాయి ఇంటికి రాలేదు. ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుందనుకుని ఇంట్లోవాళ్లు ఫిర్యాదే ఇవ్వలేదు. ఏప్రిల్లో అదే ఊళ్లో ఒక బడిపిల్ల శవం పాడుబడ్డ బావిలో దొరికింది. అప్పుడు గానీ ఈ అమ్మాయి కూడా అక్కడే ఉందని తెలియలేదు. 2015లో మాయమైన ఇంకో చిన్నపిల్ల సంగతీ అప్పుడే బయటపడింది. 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు నిందితుడికి ఉరిశిక్ష వేసింది. 2019 నవంబర్లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద జరిగిన హత్యాచారానికి దేశమంతా కొవ్వొత్తులు వెలిగాయి. ఆ కెమెరాలన్నీ హాజీపూర్ దాకా రాలేదు.

ఇక్కడ సింగపూర్‌లో ఎవరైనా కనబడకపోతే పేపర్లో నాలుగు లైన్లు వస్తాయి. పేరు, వయసు, చివరిసారి కనబడ్డ బ్లాక్ నంబరు, ఒంటిమీదున్న చొక్కా రంగు, పోలీసు హాట్‌లైన్. అంతే. కోర్టులో ఉన్న కేసు మీద ముందే తీర్పు చెప్పేస్తే 2016 నాటి చట్టం కింద జైలుకి పోవచ్చు. మన చానెళ్లు చూసి వచ్చినవాడికి ఇది ప్రాణానికి హాయి. కానీ 2007 నాటి కేసు ఒకటుంది. లసాల్ కాలేజీలో చదివే 19 ఏళ్ల అమ్మాయి జూన్ 30న మెరీన్ టెరేస్‌లో స్నేహితుడి ఫ్లాట్‌కి వెళ్లి మళ్లీ కనబడలేదు. తను వెళ్లిపోయిందని ఆ స్నేహితుడు పోలీసులకి చెప్పాడు. అది 13 ఏళ్లు మిస్సింగ్ కేసుగానే ఉండిపోయింది. 2020 డిసెంబర్లో అతన్ని అరెస్టు చేశాక, శవాన్ని పుంగోల్‌లో పారేశారని తేలింది. శవం దొరకలేదు, హత్య అభియోగం ముందుకు సాగలేదు. శవాన్ని పారేసినందుకూ, అబద్ధాలు చెప్పినందుకూ, మరికొన్నిటికీ కలిపి 2022లో 26 నెలల జైలు పడింది. పత్రికలు వెంటపడి ఉంటే తొందరగా తేలేదని నేననను. కాకపోతే పోలీసు ప్రకటన దాటి అడిగే అలవాటు ఈ ఊళ్లో తక్కువ. పత్రికా స్వేచ్ఛ సూచీలో 2024లో సింగపూర్‌ది 126వ స్థానం. మనది 159, కాబట్టి మనం ఎగతాళి చేయనక్కర్లేదు.

పుంటా కానా వీడియోలు తిరుగుతున్న రోజుల్లోనే మా కాండోలో ఉండే అనకాపల్లి ఆవిడ, కూతురు క్లాస్‌మేట్స్‌తో థాయ్‌లాండ్‌లోని క్రాబీ బీచ్‌లకి వెళ్లడానికి తీసిపెట్టుకున్న టికెట్లు రద్దు చేయించింది. ఎందుకండీ అంటే, "నాకు తెలుసండీ, పాపం ఆ పిల్లని తీసుకుపోయింది సముద్రమే. కానీ ఊళ్లో మా అత్తగారు ఆ వీడియోలన్నీ చూశారు" అంది. ఆవిడ కొడుకు జూన్‌లో బాలీ వెళ్లొచ్చాడు.