శంషాబాద్ ఊళ్లోకి

శంషాబాద్ పేరు వినని తెలుగు ఇల్లు ఇవాళ దాదాపు లేదు. కూతురిని అమెరికా చదువుకు సాగనంపినవాళ్లు, ఇంటాయన్ను దుబాయికి పంపినవాళ్లు, హజ్‌కు వెళ్లొచ్చినవాళ్లు, అందరి నోటా ఆ పేరే. అయినా ఊరు చూసినవాళ్లు తక్కువ. హైదరాబాద్ నుంచి బెంగళూరు హైవే మీద వచ్చే కార్లు ఊరు రాకముందే ఎడమచేతివైపు విమానాశ్రయం రోడ్డు పట్టుకుంటాయి. గచ్చిబౌలి వైపు నుంచి వచ్చేవి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా అటే పోతాయి. ఊరి బజారులో బండి ఆపే పని ఎవరికీ పడదు.

నాకీ ఊరు విమానాశ్రయం రాకముందు తెలుసు. ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒక మిత్రుడికి అది వచ్చాకే తెలుసు. ఆయనిప్పుడు డాలస్‌లో ఉంటాడు. మేమిద్దరం ముఖాముఖి కలిసింది లేదు. ఒకే ఊళ్లో వేర్వేరు కాలాల్లో అద్దెకున్నామని తెలిసినప్పటి నుంచి మా మాటలు దాని చుట్టే తిరుగుతున్నాయి. "అన్నా, నువ్వు చెప్పే ఊరు నేనున్న ఊరేనా?" అని అడుగుతుంటాడు.

నేను చెప్పేది 1990ల నాటి సంగతి. అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కితే జూపార్కు మీదుగా ఆరాంఘర్ చేరేది. అక్కడితో పట్నం అయిపోయినట్టే. గగన్‌పహాడ్, సాతంరాయి దాటుతుంటే దారికి అటూ ఇటూ ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లు, వాటి సందుల్లో ఈతచెట్లు, అక్కడక్కడ ద్రాక్ష పందిళ్లు. రంగారెడ్డి జిల్లా అప్పట్లో ద్రాక్షకు పెట్టింది పేరు. అనాబెషాహీ రకం హైదరాబాద్ చుట్టుపక్కల తోటల్లోనే పేరు తెచ్చుకుంది. వానలు వెనకపట్టాక సీతాఫలాల గంపలు బస్సు కిటికీల దాకా వచ్చేవి. రైలు కావాలంటే ఉందానగర్ స్టేషన్. నిజాం కాలపు మీటర్‌గేజ్ లైను ఆ పదేళ్లలోనే బ్రాడ్‌గేజ్ అయింది. నిజాం రోజుల్లో పైగా వంశపు ప్రభువుల ఏలుబడిలో ఉన్న ఊరిది. నేనున్న నాటికి మాత్రం వడ్లు, కూరగాయలు, పాలు పట్నానికి పంపి బతికే మండల కేంద్రం.

2005 మార్చిలో విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. సుమారు 5,500 ఎకరాలు. గొల్లపల్లి, మామిడిపల్లి వైపు పొలాలూ గుట్టలూ అందులో కలిశాయి. మూడేళ్లలో గుండ్లు పగిలి నేల చదునై, 4,260 మీటర్ల రన్‌వే పరుచుకుంది. 2008 మార్చి 23 నుంచి ప్రయాణికుల విమానాలు బేగంపేట వదిలి ఇక్కడ దిగసాగాయి. ఆ మరుసటి ఏడే మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది. అది ఆరాంఘర్ దగ్గర నా పాత బస్సు దారిలో వచ్చి కలిసింది.

మిత్రుడి శంషాబాద్ ఇక్కడ మొదలవుతుంది. కార్గోలో ఉద్యోగం, ఊళ్లో అద్దె గది, గదిలో నలుగురు. ఒకడు డ్యూటీ నుంచి వచ్చి పడుకునే వేళకు ఇంకొకడు స్నానానికి లేచేవాడట. విదేశీ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్య నడుస్తాయి కాబట్టి ఊరికి రాత్రి అన్నది లేకుండా పోయింది. మూడు గంటల వేళ క్యాబ్ డ్రైవర్లు, లోడర్లు, సెక్యూరిటీవాళ్లు బండి దగ్గర నిలబడి వేడి ఇడ్లీ తినేవారని చెబుతాడు. నా కాలంలో ఎనిమిదింటికి దుకాణాలు మూతపడిన బజారు అది.

ఆయన ఎక్కువగా తలచుకునేది మాత్రం బయలుదేరే ద్వారం ముందు మనుషుల్ని. జగిత్యాల, నిజామాబాద్ నుంచి తుఫాన్ బండ్లలో ఇంటిల్లిపాదీ వచ్చేవారు. పోయేవాడు ఒక్కడు, పంపేవాళ్లు పదిమంది. తూకం ఎక్కువైతే పెట్టె విప్పి, బట్టలు తీసేసి మామిడికాయ తొక్కు డబ్బా ఉంచేవారు. ముసలమ్మ లోపలికి రాలేక అద్దానికి ముఖం ఆనించి నిలబడేది. కార్గోలో ఇంకో రకం రాక కూడా ఆయన చూశాడు. గల్ఫ్‌లో చనిపోయిన కూలీల శవపేటికలు అక్కడే దిగుతాయి. కాగితాల మీద సంతకం పెట్టడానికి వచ్చిన తమ్ముడో బావమరిదో ఏం అడగాలో తెలియక నిలబడిపోతాడు. "ఊరిదాకా అంబులెన్సు ఉందని చెప్పుడే నా పని అన్నా, ఆ మాట కూడా నోట్లకెళ్లి వచ్చేది కాదు" అన్నాడొకసారి. శంషాబాద్ గురించి నాకు తెలియని ఈ సగం ఆయన చెప్పినదే. అద్దె గదిలో ఉన్న కొన్నేళ్లలో ఆయన ఈ ఊరిని చూసినంత లోతుగా నేను చూడలేదని నమ్ముతాను.

ఇద్దరికీ ఉమ్మడిగా దొరికినవి కొన్నే. నర్కుడలో అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి వాటిలో మొదటిది. ఆ ఎత్తయిన గోపురం, మెట్ల కోనేరు ఎన్ని తెలుగు సినిమాల్లో కనిపించాయో. నేను జాతరకు వెళ్లిన చోటికి ఆయన షూటింగ్ చూడటానికి వెళ్లాడు. రెండోది చిరుత వార్త. 2024 ఏప్రిల్ ఆఖరున విమానాశ్రయం ప్రహరీ దగ్గర, గొల్లపల్లి వైపు, చిరుత కనిపించింది. బోన్లు పెట్టి మే మొదటి వారంలో పట్టుకున్నారు. ఆ వార్త ముందు నాకు పంపింది ఆయనే. గుండ్లు పోయినా గుట్టల్లో ప్రాణులు ఇంకా ఉన్నాయని ఇద్దరం పండగ చేసుకున్నాం. ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజుల విగ్రహం మాత్రం మా ఇద్దరి కాలాలకూ తర్వాతిది.

మండలంలో చాలా పల్లెల్లో ఇంకా పొలాలు మిగిలాయంటే కారణం హిమాయత్‌సాగర్. హైదరాబాద్‌ను ముంచిన మూసీ వరద తర్వాత కట్టి 1927లో పూర్తిచేసిన ఆ చెరువును కాపాడటానికి 1996లో 111 జీవో వచ్చి, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను ఆపింది. భూమి ధర పెరగలేదని రైతులు బాధపడ్డారు, ఆ బాధ నిజమైనదే. 2022లో ఆ జీవో ఆంక్షలను ఎత్తివేస్తూ ఉత్తర్వులిచ్చారు. చెరువులోకి నీళ్లు తెచ్చే వాగుల్ని పూడ్చేస్తే పట్నమే మునుగుతుందని నా భయం.

మిత్రుడు వచ్చే ఏడు వస్తానంటున్నాడు. దిగగానే క్యాబ్‌లో పట్నానికి పోవద్దనీ, ముందు ఊళ్లోకి రమ్మనీ చెప్పాను. ఉందానగర్ దాకా ఇప్పుడు ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు నడుస్తున్నాయి. అక్కడి నుంచి విమానాశ్రయానికి మిగిలింది కొద్ది కిలోమీటర్లే. ఎంఎంటీఎస్ రెండో దశలో అనుకున్న ఆ కొసరు లైను పడలేదు. అది పడితే రాత్రి డ్యూటీ దిగినవాళ్లకు చవకగా రైలు దొరుకుతుంది, జగిత్యాల నుంచి వచ్చిన ముసలమ్మకు బండి కిరాయి కలిసొస్తుంది, సూట్‌కేసుతో వెళ్లేవాళ్లూ ఒకసారి ఉందానగర్ ప్లాట్‌ఫారం మీద ఆగుతారు. ఈ సంగతి రైల్వేవాళ్లకు రాయమని ఆయన పోరుతున్నాడు. రాస్తున్నాను.