మూడవ మొగ్గ

ద్రాక్షాపాకాన్ని ముప్పయ్యేళ్ళు బోధించాను గాని, ద్రాక్షతోటలో అడుగుపెట్టింది 2024 వేసవిలోనే. కెనడాలోని ఓకనాగన్ లోయలో, మా అమ్మాయి వెంట. తీగల మొదళ్ళ నుండి చిగుళ్ళు లేచాయి. గుత్తి ఒక్కటీ లేదు.

ఆ జనవరి నడుమ ధ్రువపు శీతలవాయువు దిగి, ఉష్ణోగ్రత మైనస్ 25 డిగ్రీలకు దిగువకు పోయిందట. అంతకుముందు డిసెంబరు వెచ్చగా గడవడంతో తీగలు చలికి గట్టిపడలేదు. ద్రాక్షకన్నులో (చెరకుకన్ను వంటిదే) మూడు మొగ్గలుంటాయి. మొదటిది పోతే రెండవది, అదీ పోతే మూడవది. తోట యజమాని బ్లేడుతో కోసి చూస్తే పచ్చగా ఉండవలసిన మూడూ గోధుమరంగే!

కొత్త తీగ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు. ఆయనదీ నా వయసే. మళ్ళీ నాటుతారా అని అమ్మాయిచేత అడిగించాను.

"సగం పీకేశాను. మిగతా సగానికి ఇంకొక్క చలికాలం గడువిచ్చాను" అన్నారు.