స్టెప్నీ బరువు రేకు మొయ్యదు

పాత జీపు వెనక స్టెప్నీ బిగించడం పెద్ద పనేమీ కాదని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక ప్లేటు, నాలుగు బోల్టులు, ఒక పూట వెల్డింగు అని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క తప్పి బండి డోరు పాడైంది, డబ్బు పోయింది. అన్నిటికన్నా మించి, నా వెనక వస్తున్న ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఈ మధ్య మా సత్తెనపల్లిలోనూ నరసరావుపేటలోనూ పాత జీపులు కొని బాగుచేసుకుంటున్న కుర్రవాళ్లు కనిపిస్తున్నారు. నేను చేసిన తప్పులు వాళ్లు చేయకూడదని ఇది రాస్తున్నాను.

నా బండి మహీంద్రా సీజే-3బీ. 1972లో రిజిస్టరైంది. మన వైపు దీన్ని హై బానెట్ జీపంటారు. ఇందులో పెట్టిన హరికేన్ ఇంజను అంతకుముందు మోడళ్ల ఇంజనుకన్నా ఎత్తు కాబట్టి బానెట్టు పైకి లేపాల్సి వచ్చింది. అమెరికాలో విల్లీస్ వాళ్లు ఈ మోడల్ని 1953 నుంచి 1968 దాకా తయారుచేశారు. 1940ల చివరి నుంచే విల్లీస్ జీపులు బిగిస్తూ వచ్చిన మహీంద్రా వాళ్లు, అమెరికాలో ఆగిపోయాక కూడా దీన్ని ఇక్కడ చాలా ఏళ్లు కొనసాగించారు.

నా జీపుకు స్టెప్నీ పక్కన ఉండేది. అది పక్కన ఎందుకుందో నేను ఏనాడూ ఆలోచించలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన విల్లీస్ ఎంబీ జీపుకు స్టెప్నీ వెనకే ఉండేది. ఆ బండికి వెనక తలుపు లేదు, కదలని రేకు గోడ ఉంది. యుద్ధం ముగిశాక 1945లో రైతుల కోసమని సీజే-2ఏ తెచ్చినప్పుడు, సామాను ఎక్కించి దించుకోవడానికి వెనక డోరు పెట్టారు. దాంతో స్టెప్నీ పక్కకు జరిగింది. అంటే పక్కన పెట్టడం వెనక ఒక కారణం ఉంది. నేను 6.00-16 టైర్లు తీసేసి 7.00-16 వేయించాను. పెద్ద చక్రం పక్కన ఇమడలేదు. మిలిటరీ జీపు ఫొటోలు చూసి, వెనక స్టెప్నీ ఉంటే ఆ ఠీవే వేరనుకున్నాను. ఆ ఫొటోలో చక్రం ఒక్కటే నా కంటపడింది. అది దేన్ని ఆనుకుని ఉందో చూడలేదు.

వెల్డింగు షాపు బాబాయి మొదటి రోజే చెప్పాడు. "అబ్బాయ్, డోరు రేకు బరువు మొయ్యదు. ఎంత లేదన్నా చాసీ నుంచి ఎత్తుకోవాల."

"ముప్పై కిలోలే కదా బాబాయ్. నేను చేత్తో ఎత్తి పెట్టేదాన్ని రేకు మొయ్యలేదా?" అన్నాను.

నేను చేసిన తప్పులన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. నిలబడి ఉన్న బండికి చక్రం బరువెంతో చూశాను. పరుగెత్తే బండికి ఎంతో ఆలోచించలేదు. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు నడిపించేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రభ నిలబడి ఉన్నంతసేపూ భయం లేదు, కదిలిందంటే నాలుగు వైపులా మోకులు పట్టుకునే మనుషులు కావాలి.

నా మాట కాదనలేక ఆయన డోరుకు నడిమధ్య ప్లేటు పెట్టి బోల్టులు బిగించాడు. కొన్ని నెలలు బాగానే ఉంది. నేను తిరిగేది తారు రోడ్డు ఒక్కటే కాదు. మా వైపు నల్లరేగడి డొంకల్లో వానాకాలం చక్రాలు దిగబడిన గాడులు, వేసవికి రాయిలా గట్టిపడతాయి. వాటి మీద జీపు ఎగిరిపడిన ప్రతిసారీ చక్రం రేకును ఒకసారి వెనక్కి లాగి, ఒకసారి ముందుకు తోస్తుంది. ఇనుము ఒక్క దెబ్బకు విరగకపోవచ్చు గానీ, చిన్న వంపు వేలసార్లు పడితే విరుగుతుంది. చీలిక సాధారణంగా రంధ్రం అంచు దగ్గరో, వెల్డింగు ముగిసిన చోటో మొదలవుతుంది. నా డోరు మీద బోల్టు పక్కన వెంట్రుకంత గీత, దాని వెంట తుప్పు రంగు కనిపించింది. రంగు పగిలిందనుకుని మళ్లీ రంగు కొట్టించాను. ఆ గీత ఇనుము పెట్టుకున్న మొర. దాన్ని రంగుతో కప్పడం నేను చేసిన రెండో తప్పు. మాచర్ల నుంచి తిరిగి వస్తుండగా వెనక చప్పుడు మారింది. దిగి చూస్తే ప్లేటు చుట్టూ రేకు చిరిగి, చక్రం రెండు బోల్టుల మీద వేలాడుతోంది. కంపెనీ నుంచి వచ్చిన అసలు డోరు అది. అలాంటిది మళ్లీ నాకు దొరకలేదు.

రెండోసారి గేటు మాదిరి తెరుచుకునే ఫ్రేము చేయించాను. ఆలోచన మంచిదే. స్టెప్నీ డోరుకు తగలకుండా ఒక చట్రం మీద ఉంటుంది, చట్రాన్ని పక్కకు తిప్పితే డోరు దించుకోవచ్చు. అయితే ఖర్చు తగ్గించాలని ఇంట్లో మిగిలిన జీఐ పైపు ఇచ్చాను. ఆ పైపు మీదున్న జింకు పూత తీయకుండా వెల్డింగు చేస్తే అతుకులో బుడగలు మిగిలి బలం పోతుంది. పైగా ఆ పొగ పీల్చిన మనిషికి జ్వరం వస్తుంది. బాబాయికి ఆ రాత్రి ఒళ్లు నొప్పులతో చలిజ్వరం వచ్చింది. అది నా పిసినారితనం వల్ల వచ్చింది. ఫ్రేముకు ఇంటి గేటుకు వాడే బందులు పెట్టించి, వాటిని వెనక బంపరు చివర అతికించాను. బంపరేమో రెండు బోల్టుల మీద ఉంది.

ఆ బందుల మీద ఎంత బరువు పడుతుందో అప్పుడే లెక్క వేసి ఉండాల్సింది. చక్రం 30 కిలోలు. బందు నుంచి చక్రం నడిబొడ్డుకు 60 సెంటీమీటర్లు. పైబందుకు, కింది బందుకు మధ్య ఎడం 15 సెంటీమీటర్లు. 60లో 15 నాలుగుసార్లు పోతుంది కాబట్టి, బండి నిలబడి ఉన్నప్పుడే పైబందును 120 కిలోల బలం బయటికి లాగుతుంది. అంతే బలం కింది బందును లోపలికి నొక్కుతుంది. గోతిలో పడ్డప్పుడు మూడు రెట్లనుకుంటే అది 360 కిలోలు. బందుల మధ్య ఎడం 30 సెంటీమీటర్లు ఉంచి ఉంటే ఈ బలం సగానికి తగ్గేది. పదో తరగతి పిల్లవాడు వేయగల లెక్క. నేను వేయలేదు.

చట్రం మెల్లగా వాలింది. గడియ దాని గాడిలో సరిగ్గా కూర్చోవడం మానేసింది. రోజూ చట్రాన్ని చేత్తో పైకెత్తి గడియ వేసుకునేవాణ్ణి. అలా ఎత్తాల్సి వస్తున్నదంటే బరువు నిలవాల్సిన చోట నిలవడం లేదని అర్థం. అది తెలుసుకోకుండా దాన్నొక అలవాటుగా మార్చుకున్నాను. ఒక సాయంత్రం ఊళ్లోకి వస్తుండగా గడియ ఊడి చట్రం కుడివైపు రోడ్డు మీదికి తెరుచుకుంది. బందులు కుడి పక్కన పెట్టించింది నేనే. వెనక మోటారు సైకిలు మీద వస్తున్న ఒకాయన దాన్ని తప్పించబోయి మార్జిన్లోకి దిగి పడిపోయాడు. మోచేతులు చీరుకుపోయాయి. ఆస్పత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తల ఎత్తి ఆయన మొహం చూడలేకపోయాను. ఇంకొక్క అడుగు ముందుంటే ఏమయ్యేదన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మూడోసారి బాబాయి చెప్పినట్టు చేశాను. చాసీ రెండు కమ్ములనూ కలుపుతూ వెనక ఒక గట్టి సి-ఛానల్ పెట్టాం. కొత్త రంధ్రాలు పొడవకుండా, బంపరుకు ఉన్న రంధ్రాల్లోనే మందపాటి ప్లేట్లతో బిగించాం. ఫ్రేముకు రెండంగుళాల చదరపు ఎంఎస్ పైపు, 3 మిల్లీమీటర్ల మందంది వాడాం. మూలల్లో ముక్కోణపు ప్లేట్లు అతికించాం. బందుల బదులు ఒక పాత వ్యాను స్టబ్ యాక్సిలు, హబ్బు, రెండు టేపరు బేరింగులు తెచ్చి ఎడమ పక్కన నిలబెట్టాం. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి, పొరపాటున తెరుచుకున్నా అది మార్జిన్ వైపుకే పోవాలి. హబ్బుకు వెల్డింగు చేసేముందు బేరింగులు తీసేశాం. లేకపోతే కరెంటు వాటి గుండా పారి రోలర్ల మీద గుంటలు పడతాయి, గ్రీజు మాడిపోతుంది. బ్యాటరీ వైరు కూడా విప్పాం. నా బండికి తర్వాత వేయించిన ఆల్టర్నేటరు ఉంది, దాని డయోడ్లు కాలిపోయే ప్రమాదం ఉంది. చదును నేల మీద, చక్రం తగిలించి, అక్కడక్కడా చిన్న అతుకులతో టాకింగు వేసి, అన్నీ సరిచూశాకే పూర్తి వెల్డింగు చేశాం.

గడియ వైపు చట్రం కింద ఒక దిమ్మ, దాని మీద రబ్బరు పెట్టాం. మూసినప్పుడు చట్రం ఆ దిమ్మ ఎక్కి కూర్చుంటుంది. బరువు రెండు చివరలా పంచుకుపోతుంది. గడియ పని దగ్గరికి లాగి పట్టుకోవడమే, మోయడం దాని పని కాదు. అదొక్కటీ విఫలమైనా తెరుచుకోకుండా రెండో పిన్ను పెట్టాం. స్టెప్నీకి వాడిన నట్లు బండి చక్రాల నట్లే. అంతకుముందు వేరే సైజు బోల్టులు పెట్టి, రాత్రిపూట పంక్చరై, చేతిలో ఉన్న పానా పట్టక నిలబడిపోయాను.

చట్టం సంగతి కూడా ఆలస్యంగానే తెలుసుకున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. కాబట్టి పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ ఆఫీసులో అడగాలి. వెనక స్టెప్నీ నంబరు ప్లేటునూ లైట్లనూ కప్పకూడదు. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. అయితే అది అసలు రూపంలో ఉండాలి, చాసీలోనూ బాడీలోనూ ఇంజనులోనూ పెద్ద మార్పులు ఉండకూడదు. నా జీపు ఆ వయసు దాటింది. చాసీని కోయలేదు గనుక ఆ ఫ్రేమును ఎప్పుడైనా విప్పేయొచ్చు. కానీ డోరును నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను.

పాత బండి మీద ప్రేమ ఉన్నవాళ్లు దాన్ని కట్టినవాళ్ల ఆలోచన మీద కూడా గౌరవం ఉంచాలి. ఏ భాగాన్ని కదిలించబోతున్నా, అది అక్కడ ఎందుకుందో ముందు అడగాలి. పాత జీపుల మీద చేయి తిరిగిన వెల్డరు వద్దన్న పనిని డబ్బిచ్చి చేయించుకోకూడదు.

మీ బండికి ఇప్పటికే వెనక స్టెప్నీ ఉంటే, ఇవాళే వెళ్లి రెండు చేతులతో చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. బందు దగ్గర ఆట ఉన్నా, వెల్డింగు పక్కన తుప్పు గీత కనిపించినా, గడియ వేయడానికి చట్రం ఎత్తాల్సి వస్తున్నా, బాగుచేయించే దాకా చక్రాన్ని విప్పి బండి లోపల పడేయండి. మీ వెనక వచ్చే మనిషికి మీ వెల్డింగు ఎలాంటిదో తెలియదు. ఆ బాధ్యత పూర్తిగా మీదే.