ఉక్కునగరంలో తుపాకీ సింగారం
ఏ ఇనుప ముక్కనైనా చిటికెలో మార్చేయగల ఊరు జంషెడ్‌పూర్. కానీ నడుముకు కట్టుకునే రివాల్వర్ విషయంలో మాత్రం చట్టం చేతులు కట్టేస్తుంది. అది మంచికే.

జంషెడ్‌పూర్‌లో ఇనుము గురించి ఎవరికీ పాఠాలు చెప్పనక్కర్లేదు. ఏ ఉక్కు ఎంత వేడికి మెత్తబడుతుందో, ఏ రేకు ఎన్ని వానలకు తుప్పు పడుతుందో కొలిమిని నమ్ముకుని తరాలుగా బతికిన కుటుంబాలకు కొట్టిన పిండి. 1907లో టాటా కంపెనీ పుట్టింది. 1912లో తొలి ఉక్కు బయటికొచ్చింది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చికి జంషెడ్‌జీ పేరు పెట్టి వెళ్లాడు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన తెలుగువాళ్లు కద్మాలో ఇళ్లు కట్టుకున్నారు, బిష్టుపూర్‌లో రాముడికి గుడి కట్టారు. లోహంతో వాళ్ల సహవాసం వందేళ్ల పైబడ్డది.

అలాంటి ఊళ్లోనూ ఒక లోహపు వస్తువు గురించి అపోహలే ఎక్కువ. అది పాయింట్ 32 రివాల్వర్. బరువు దాదాపు 700 గ్రాములు, గొట్టం మూడంగుళాలు, గుళ్లు ఆరు. కాన్పూర్ ఆయుధ కర్మాగారం నుంచి వచ్చే ఈ సరుకు చేతికి అందగానే చాలామందికి వచ్చే మొదటి ఆలోచన ఒక్కటే: దీనికింకా ఏమేం తగిలించవచ్చు? సినిమాలు నేర్పిన జాబితా సిద్ధంగానే ఉంటుంది. ఎర్రచుక్క వేసే లేజర్, చప్పుడు మింగేసే సైలెన్సర్, మీట తాకితే పేలే ట్రిగ్గర్, దంతపు రంగు పిడి. వీటిలో ఏది పనికొస్తుంది, ఏది ప్రమాదం, ఏది జైలు అన్నది తెలిసినవాళ్లు తక్కువ.

భయం పుట్టిన చోటు

ఆయుధానికీ ఈ ఊరికీ ఉన్న సంబంధం పాతదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి కవచపు రేకులతో తయారైన సాయుధ శకటాలకు సైనికులు ‘టాటానగర్’ అని ఊరి పేరే పెట్టుకున్నారు. కానీ సామాన్యుడి చేతికి తుపాకీ కావాలనిపించింది ఆ గర్వంతో కాదు, భయంతో. జార్ఖండ్ ముక్తి మోర్చా అధ్యక్షుడు నిర్మల్ మహతోను 1987 ఆగస్టులో ఈ పట్టణంలోనే కాల్చి చంపారు. టాటా వర్కర్స్ యూనియన్ అధ్యక్షుడు వి.జి. గోపాల్ 1993లో తూటాలకు బలయ్యారు. 2007 మార్చిలో ఘాట్‌శిల దగ్గర ఫుట్‌బాల్ పోటీ చూస్తున్న జంషెడ్‌పూర్ ఎంపీ సునీల్ మహతోను మావోయిస్టులు హతమార్చారు. పక్కన సాయుధులైన అంగరక్షకులున్నా లాభం లేకపోయింది.

గుత్తేదార్లు, నగల వ్యాపారులు, రవాణా కంపెనీల యజమానులు లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టడానికి ఇలాంటి వార్తలే ప్రేరణ. బ్యాంకుల కాపలా ఉద్యోగాలు చేసే మాజీ సైనికులకు మాత్రం అది బతుకుదెరువు. వారి భుజాన ఉండేది సాధారణంగా ‘దునాలీ’, అంటే రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకీ.

ఎంచుకోవడానికి ఉన్నదెంత?

దుకాణానికి వెళ్లినవారికి మొదట తెలిసే నిజం, ఇక్కడ ఎంపిక చాలా చిన్నదని. 9 ఎంఎం, పాయింట్ 38 వంటివి నిషిద్ధ బోరు, మామూలు పౌరులకు దొరకవు. సామాన్యులు విదేశీ చేతి తుపాకులు దిగుమతి చేసుకునే దారి 1980ల మధ్యలోనే మూసుకుపోయింది. అందుకే తాతలనాటి వెబ్లీ, వాల్తర్‌లకు ఇప్పటికీ కళ్లు తిరిగే ధర పలుకుతుంది. వాటికి స్ప్రింగు విరిగితే మరొకటి దొరకడం గగనం. 2014లో కాన్పూర్ కర్మాగారం మహిళల కోసమంటూ ‘నిర్భీక్’ను తెచ్చింది. బరువు 500 గ్రాములు, ధర సుమారు రూ. 1.22 లక్షలు. దాంతోపాటు ఇచ్చింది నగల పెట్టె లాంటి ముదురు ఎరుపు పెట్టె. హంగులపై మోజును తయారీదారే గుర్తించాడన్నమాట.

తూటాల దగ్గరే తొలి పొరపాటు జరిగే అవకాశం ఉంది. పాయింట్ 32 అనే అంకె రివాల్వర్ మీదా ఉంటుంది, పిస్టల్ మీదా ఉంటుంది. కానీ రెండింటి తూటాలు ఒకటి కావు. రివాల్వర్‌ది పొడవాటి, అంచున్న తూటా. పిస్టల్‌ది పొట్టిది. ఒకదానిది మరొకదానిలో వాడేందుకు ఉద్దేశించినది కాదు. లైసెన్సులో రాసినదీ, గొట్టం మీద చెక్కినదీ, డబ్బా మీద అచ్చయినదీ సరిపోల్చుకున్నాకే డబ్బు చెల్లించాలి.

ఒర ముందు, మిగతావన్నీ తర్వాత

2016 ఆయుధ నిబంధనల ప్రకారం చేతి తుపాకీని బహిరంగ ప్రదేశాల్లోకి తీసుకెళ్లాలంటే దానికోసమే తయారైన, ఒంటికి తగిలించుకునే ఒరలోనో, భుజాన వేసుకునే సంచి లాంటి దాంట్లోనో ఉంచాలి. ఆయుధం పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాడి అదుపులో ఉండాలి. అంటే దర్జాగా బెల్టు మీద నలుగురికీ కనిపించేలా పెట్టుకుని తిరగడం చట్టం దృష్టిలో తప్పు. మిగిలినవన్నీ సరదాలు. ఒర మాత్రం అవసరం.

మంచి ఒరకు మూడు లక్షణాలు చాలు. ట్రిగ్గర్ భాగం మొత్తం మూసి ఉండాలి. ఆయుధం కూర్చున్నా, లేచినా, బైకు ఎక్కినా జారకూడదు. తీసేటప్పుడు, పెట్టేటప్పుడు నోరు ముడుచుకుపోకూడదు. తోలు ఒర చూడ్డానికి బాగుంటుంది కానీ జంషెడ్‌పూర్ వానాకాలానికి అది పగవాడు. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల మధ్య ఊరు కావడంతో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి నిండా తేమే. తోలు ఆ తేమను పీల్చుకుని దాచుకుంటుంది. ఒరలోనే పెట్టి బీరువాలో నెలల తరబడి వదిలేస్తే నీలిపూత కింద నుంచి తుప్పు మొదలవుతుంది. ఉక్కు కర్మాగారంలో పనిచేసినవాడికి ఇది కొత్త సంగతి కాదు, తన రివాల్వర్ కూడా ఉక్కేనని గుర్తుంటే చాలు.

తర్వాత పిడి. చెయ్యి చిన్నదైతే లావుపాటి పిడితో వేలు ట్రిగ్గర్‌ను సరిగా అందుకోదు. చెయ్యి పెద్దదైతే సన్నపిడి వదులుగా తిరుగుతుంది. మే నెల ఎండలో చెమట పట్టిన అరచేతికి నున్నటి ప్లాస్టిక్ కన్నా గరుకు గీతలున్న చెక్క, రబ్బరు నయం. దంతపు రంగు, మెరిసే తాపడం ఫొటోలకే పనికొస్తాయి. శుభ్రం చేసే సామాను కూడా హంగుల కిందే లెక్క. బోరుకు సరిపడే బ్రష్షు, కడ్డీ, పలచటి నూనె, కాల్పుల సాధనకు చెవులకు రక్షణ. వీటికయ్యే ఖర్చు తక్కువ, ఆయుధానికి పోసే ఆయుష్షు ఎక్కువ.

ట్రిగ్గర్ తేలిక చేయించుకోవాలన్న కోరిక మాత్రం ప్రమాదకరం. రివాల్వర్ ట్రిగ్గర్ బరువుగా ఉండటం లోపం కాదు, అదే దాని తాళం. స్ప్రింగు పలచన చేస్తే రెండు విధాలా నష్టం. అనుకోకుండా పేలే ముప్పు పెరుగుతుంది. అవసరమైన వేళ సుత్తి దెబ్బ చాలక తూటా పేలకపోనూవచ్చు. లేజర్ సంగతీ అంతే. పాత తరహా పాయింట్ 32 రివాల్వర్‌కు అది బిగించే గాడి ఉండదు. తగిలించినా ఒరలో పట్టదు.

లేతు మిషన్ చేసే తప్పు

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఖర్కాయి దాటితే ఆదిత్యపూర్. దేశానికి వాహనాల విడిభాగాలు అందించే చిన్న కర్మాగారాల వరుస అది. వెంట్రుక మందంలో తేడా రాకుండా లోహాన్ని చెక్కగల పనివాళ్లు ఉన్నచోట ‘ఈ గొట్టం కాస్త కోసిపెట్టు’ అనడం నోటికి తేలిక. కానీ ఆయుధాలకు మరమ్మతు చేయడానికి కూడా లైసెన్సు ఉండాలని 1959 ఆయుధ చట్టం చెబుతోంది. గొట్టం కురచ చేయడం, బొమ్మ తుపాకీని అసలుదిగా మార్చడం, ఒక తరగతి ఆయుధాన్ని మరో తరగతిలోకి మార్చడం ప్రత్యేక అనుమతి లేకుండా చేస్తే, 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం ఏడేళ్లు. అది యావజ్జీవం దాకా పోవచ్చు.

చాలామందికి తెలియని మరో సంగతి: చట్టం దృష్టిలో సైలెన్సర్ హంగు కాదు, అదే ఒక తుపాకీ. చప్పుడునో మెరుపునో తగ్గించే పరికరాన్ని, తుపాకీ విడిభాగాలను కూడా ‘తుపాకీ’ నిర్వచనంలోనే చేర్చారు. కాబట్టి అసలు ఆయుధానికి లైసెన్సు ఉన్నంత మాత్రాన సైలెన్సర్ దగ్గర పెట్టుకోవడానికి హక్కు రాదు. సరదాకి కొన్న పైపు ముక్క ఉన్న లైసెన్సును కూడా ఊడగొట్టగలదు.

ఈ కఠినత్వానికి కారణం దూరాన లేదు. బీహార్‌లోని ముంగేర్‌లో తుపాకుల తయారీ నవాబు మీర్ కాసిం 1760లలో అక్కడికి రాజధాని మార్చిన నాటి నుంచి వస్తున్న విద్య. స్వాతంత్ర్యం వచ్చాక దానికి లైసెన్సు కర్మాగారాలు తోడయ్యాయి, ఆర్డర్లు తగ్గాక దొంగచాటు కొలుములూ మిగిలాయి. అక్కడి నాటు పిస్టళ్లు, ‘కట్టా’లు జార్ఖండ్ పట్టణాల నేర వార్తల్లో తరచూ కనిపిస్తాయి. నైపుణ్యం ఉండి నియంత్రణ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ముంగేర్ చాలు. జంషెడ్‌పూర్‌కు నైపుణ్యం అంతకన్నా తక్కువేం కాదు.

హంగులకు అర్థం ఉన్నచోటు

అలాగని ఆయుధానికి మెరుగులు దిద్దుకోవడమే నేరం కాదు. మెరుగులకు కొలత ఉన్న లోకం ఒకటుంది, అది క్రీడ. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదు, మొత్తం పిస్టల్ 1,500 గ్రాములు మించకూడదు. పిడిని మాత్రం క్రీడాకారుల అరచేతి ముద్రకు తగ్గట్టు చెక్కించుకోవచ్చు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది ఇలాంటి పిస్టళ్లతోనే. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో పోటీ మధ్యలో పిస్టల్ మొరాయించడంతో మను భాకర్ ఫైనల్‌కు చేరలేకపోయింది. పారిస్‌లో 2024లో రెండు కాంస్యాలు గెలిచి ఆ బాకీ తీర్చుకుంది. హంగు ఎంత అందంగా ఉందన్నది కాదు, ఎంత నమ్మకంగా పనిచేస్తుందన్నదే ముఖ్యమని ఆ రెండు ఒలింపిక్స్ చెబుతాయి.

జంషెడ్‌పూర్‌కు ఈ పాఠం విల్లు రూపంలో ముందే తెలుసు. 1996లో మొదలైన టాటా ఆర్చరీ అకాడమీలో విల్లుకు తగిలించే ప్రతి కడ్డీకీ, గురి చూపే ప్రతి పిన్నుకూ లెక్క ఉంది. 2006లో అక్కడ చేరిన దీపికా కుమారి ఆ లెక్కతోనే ప్రపంచ వేదికల దాకా వెళ్లింది. అదే ఊరి అంచున దల్మా కొండలపై ఆదివాసీలు ఏటా ‘సెంద్రా’ వేట పండుగకు ఏ హంగూ లేని వెదురు విల్లులతో బయల్దేరతారు. అటవీశాఖ ఆపే ప్రయత్నం చేస్తూనే ఉంటుంది. అకాడమీలో విల్లు క్రీడాపరికరం, కొండమీద అది ఆచారం. రెండు చోట్లా దాన్ని ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చెప్పే పెద్దలున్నారు. నడుమున రివాల్వర్ ఉన్నవాడికి ఆ పెద్దరికం చట్టమే చేయాలి.

చివరి ఖర్చు ఇనుప పెట్టెకే

పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చడం ఉత్తరాదిన పాత జాడ్యం. 2019 సవరణ దానికి రెండేళ్ల జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పెట్టింది. ఒక్కరికి మూడు ఆయుధాలన్న పరిమితిని రెండుకు తగ్గించింది, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. ఎన్నికలొస్తే లైసెన్సుదారులు అధికారుల ఆదేశం మేరకు ఆయుధాలు అప్పగించాలి. రసీదు మీద రాసేది తుపాకీ నంబరే, దాని సింగారం కాదు.

అప్పగించని మిగిలిన రోజులన్నీ అది ఇంట్లోనే ఉంటుంది. పిల్లలు ఆడుకునే ఇల్లు, మాటా మాటా పెరిగే ఇల్లు, ఒక్కోసారి మనసు విరిగిన మనిషి ఒంటరిగా కూర్చునే ఇల్లు. దొంగ రావడం ఎప్పుడో ఒకసారి, వీళ్లు ఉండేది ప్రతి రోజూ. అందుకే అన్ని హంగుల్లోకీ విలువైనది గోడకు బిగించిన ఇనుప పెట్టె. తూటాలకు వేరే పెట్టె, వేరే తాళం. ట్రిగ్గర్‌కు అడ్డంగా మరో తాళం. వీటికి మెరుపు లేదు, స్నేహితులకు చూపించి గొప్పలు పోవడానికి పనికిరావు. కానీ లేజర్‌కు పెట్టే డబ్బు ముందు దీనికి పెట్టినవాడే ఆయుధం అంటే ఏమిటో తెలిసి కొన్నవాడు. బీరువాలు చేయడానికి ఉక్కుకు కరువు లేని ఊరు కదా, ఆ సాకు కూడా లేదు.