దారోగా సాబ్ ఏరీ?

గాస్తోన్ లెరూ ఫ్రెంచి నవల 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా' 1910లో కితాబుగా వచ్చింది. 1986లో లండన్ స్టేజీ ఎక్కిన దాని మ్యూజికల్ పాటలే నేను ముందు విన్నాను. తర్వాత ఇంగ్లీషు తర్జుమా చదివాను. ఉర్దూ మీడియంవాణ్ణి కదా, అందులో 'దారోగా' అన్న మాట చూడగానే పాత దోస్తు ఎదురైనట్టయింది.

ఆయన ఇరానీ. మాజందరాన్‌లో పోలీసు దారోగా. ఎరిక్‌ను చంపమని షా హుకుం ఇస్తే, రహమ్ తలచి తప్పించాడు. అందుకు జాయదాద్ పోయింది, వతన్ పోయింది. పారిస్‌లో కొద్దిపాటి పింఛనుతో బతుకుతాడు. క్రిస్టీన్‌ను వెతుకుతూ రౌల్‌ను ఒపెరా నేలమాళిగల్లోకి తీసుకెళ్లేది ఆయనే. ఆ రాత్రి కిస్సా కొన్ని అధ్యాయాలపాటు ఆయన జుబానీ నడుస్తుంది.

మ్యూజికల్‌లో ఆయన లేడు. ఆయన పని మేడమ్ గిరీకి అప్పగించారు. స్టేజీకి టైము తక్కువ, పాత్రలు తగ్గించక తప్పదు, మానాను. పాటలకు ఇప్పటికీ నేను ఫిదానే. కానీ యూరప్ కథలో తూర్పు మనిషి విలన్ కాకుండా, జోకర్ కాకుండా, గవాహ్‌గా నిలబడడం ఎంత అరుదు! నవల్లోనే ఆయనకు పేరు పెట్టలేదు, ఉత్త 'పర్షియన్'. స్టేజీ మీద ఆ జాగా కూడా దక్కలేదు.

ఇంట్లో పిల్లలు ఆ పాటలు పాడుకుంటే పాడుకోనివ్వండి. కితాబూ చేతికివ్వండి. దారోగా సాబ్ అందులోనే ఉన్నాడు.