సగంలో ఆపేసిన మాట

కొన్నేళ్ల కిందట నేను రాసిన ఒక రిపోర్టులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా నా వృత్తిలో నేను చేసిన పెద్ద తప్పు అదే.

నేను రేడియాలజిస్టుని. ఆ రోజు వచ్చిన చీటీలో ‘మతిమరుపు, ఎమ్మారై బ్రెయిన్’ అని మాత్రమే ఉంది. పేషెంటు 70 దాటిన రిటైర్డ్ తెలుగు మాస్టారు. మెదడులో గడ్డ లేదు, రక్తం గూడు కట్టలేదు, పక్షవాతం తాలూకు మచ్చ లేదు, నీరు చేరలేదు. ‘వయసుకు తగిన మార్పులు’ అని రాసి సంతకం పెట్టాను. గది బయట ఆయన భార్య ఎదురొచ్చింది. “బాబూ, మొన్న ఈయన పాలకి వెళ్లి...” అని మొదలుపెట్టింది. ఇంకా ఆరు స్కాన్లు చదవాల్సి ఉంది. “ఏమీ లేదమ్మా, వయసు” అనేసి వెళ్లిపోయాను.

14 నెలలకు వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి న్యూరాలజిస్టు ఎఫ్‌డీజీ పెట్ స్కాన్ రాశారు. రేడియోధార్మికత ఉన్న గ్లూకోజును కొద్దిగా నరంలోకి ఎక్కించి తీసే స్కాన్ అది. పనిచేసే మెదడు ఆ గ్లూకోజును లాక్కుంటుంది. మందగించిన చోట రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. మాస్టారికి రెండు వైపులా పెరైటల్, టెంపోరల్ భాగాల్లోనూ, వెనక లోపలివైపున్న పోస్టీరియర్ సింగులేట్‌లోనూ వెలిసిపోయింది. అల్జీమర్స్‌లో మామూలుగా కనిపించే తీరు అదే. ముందు భాగాలు వెలిస్తే ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాను, బాగా వెనకనున్న ఆక్సిపిటల్ భాగం వెలిస్తే లూయీ బాడీ డిమెన్షియాను అనుమానిస్తాం.

న్యూక్లియర్ మెడిసిన్ డాక్టరు నన్ను పిలిచి పాత ఎమ్మారై తెరిపించారు. పెట్ బొమ్మ మసకగా ఉంటుంది, అంచులు తేలవు. ఎమ్మారై మిల్లీమీటరు వరకూ స్పష్టంగా చూపిస్తుంది, కానీ అది చూపేది ఆకారాన్నే. రెండింటినీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి అమరిస్తే, రంగు వెలిసిన చోట మెదడు పదార్థమే తరిగిపోయిందా, లేక ఉన్నది ఉన్నట్టే ఉండి పని తగ్గిందా అన్నది విడదీసి చూడవచ్చు. మాస్టారి పెరైటల్ భాగం చూడటానికి దాదాపు మామూలుగానే ఉంది. పని మాత్రం పడిపోయింది. ఆ సంగతి నా ఎమ్మారైకి తెలిసే వీలు లేదు.

అంతటితో అయితే నన్ను నేను సమాధానపరచుకునేవాణ్ణి. కానీ అదే ఎమ్మారైలో, ముఖానికి సమాంతరంగా కోసినట్టు చూపించే కొరోనల్ బొమ్మల్లో, హిప్పోకాంపస్ అప్పటికే కుంచించుకుపోవడం మొదలైంది. కొత్త జ్ఞాపకాలు నిలవాలంటే అదే ఆధారం. దాని క్షీణతను 0 నుంచి 4 వరకూ అంచనా వేసే పద్ధతిని షెల్టెన్స్ బృందం 1992లోనే ప్రకటించింది. నేను చదువుకున్నదే. ఆ రోజు ఆ బొమ్మల దగ్గర ఆగలేదు. గడ్డ కోసం వెతికాను, గడ్డ లేదని తేలింది, జబ్బే లేదని చెప్పాను.

విషయం చెప్పినప్పుడు మాస్టారి భార్య ఏడవలేదు. “అయితే మొండితనం కాదన్నమాట. రిపోర్టులో ఏమీ లేదన్నారు కదా, కావాలనే చేస్తున్నారనుకుని పిల్లలూ నేనూ ఎన్ని మాటలన్నామో” అంది. ముందే తెలిసినా ఆ జబ్బు ఆగేది కాదు. ఆ మాటలు మాత్రం ఆగేవి.

ఆ తర్వాత కొంతకాలం ఇంకో తప్పు చేశాను. ఎన్ని స్కాన్లు కలిపితే అంత మంచిదనుకున్నాను. కానీ ప్రతి స్కాన్‌కీ ఒక హద్దుంది. మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ను చూపే పెట్‌కి ఫ్లోర్‌బెటాపిర్ అనే మందును అమెరికాలో 2012లో అనుమతించారు. అందులో అమిలాయిడ్ కనపడకపోతే అల్జీమర్స్ కాదని చాలావరకు చెప్పవచ్చు. కనపడినంత మాత్రాన అదే జబ్బని తేల్చలేం, మతి చక్కగా ఉన్న ముసలివాళ్లలోనూ అది పేరుకుంటుంది. రక్తంలో షుగర్ ఎక్కువగా ఉంటే ఎఫ్‌డీజీ బొమ్మే చెడిపోతుంది. బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయకుండా ఖరీదైన స్కాన్‌కి పరుగెత్తడం ఇంటిల్లిపాదినీ కష్టపెట్టడమే. ఫలానా సందేహం తీరాలి అనుకున్నాకే దానికి తగిన స్కాన్‌ను జోడించాలి. ఆ సందేహం పుట్టేది ఇంట్లోవాళ్ల మాటల్లో.

ఇప్పుడు ‘మతిమరుపు’ అన్న చీటీ వస్తే, బొమ్మలు తెరవకముందే వెంట వచ్చినవాళ్లను లోపలికి పిలుస్తాను. ఎప్పటినుంచి, అడిగిందే అడుగుతున్నారా, తెలిసిన దారి తప్పుతున్నారా అని అడుగుతాను. ఎమ్మారై మామూలుగా ఉన్నంత మాత్రాన అల్జీమర్స్ లేదని కాదని రిపోర్టులో రాస్తాను.

ఆ మొదటి రోజు చెప్పబోయిన మాటేమిటని మాస్టారి భార్యను అడిగాను. పాలకి వెళ్లి, సొంత వీధి మలుపులోనే, ఇల్లు ఎటో తెలియక పాల ప్యాకెట్ పట్టుకుని గంటసేపు నిలబడ్డారట. ఆ మాట చెప్పడానికి ఆవిడకు అర నిమిషం కూడా పట్టలేదు.